ప్రింట్‌ఎఫ్ కొలతలో తెలుగు అక్షరం

కమాండ్ లైన్‌లో పేర్లు, అంకెలు నిలువు వరుసల్లో పొందికగా రావాలంటే షెల్ స్క్రిప్టులు రాసేవారు వాడేది ప్రింట్‌ఎఫ్. అంతకు ముందునుంచీ ఉన్న ఎకో ఈ పనికి నమ్మదగింది కాదు. కొత్త లైను రాకుండా ఆపడానికి బీఎస్‌డీ యూనిక్స్ ఎకోకి మైనస్-ఎన్ ఇవ్వాలి, సిస్టమ్ ఫైవ్ ఎకోకి బ్యాక్‌స్లాష్-సి రాయాలి. ఆ పేచీ ఇంకా తీరలేదు. మామూలు అమరికలో బ్యాష్ షెల్ ఎకో బ్యాక్‌స్లాష్-ఎన్‌ను ఉన్నదున్నట్టు చూపుతుంది, డ్యాష్ షెల్ ఎకో దాన్ని కొత్త లైనుగా మారుస్తుంది. 2006లో ఉబుంటు తన సిస్టమ్ షెల్‌ను బ్యాష్ నుంచి డ్యాష్‌కు మార్చింది కాబట్టి ఈ తేడా పుస్తకాలకే పరిమితమైంది కాదు. ఎకోల మధ్య రాజీ కుదరకే, తొమ్మిదో ఎడిషన్ యూనిక్స్‌లోని ప్రింట్‌ఎఫ్ ఆధారంగా పోజిక్స్ ప్రమాణం ఈ కమాండ్‌ను చేర్చుకుంది.

ప్రింట్‌ఎఫ్‌కు కనీస వెడల్పు 20 అని చెబితే అది దేన్ని 20 దాకా లెక్కిస్తుంది? పోజిక్స్ జవాబు: బైట్లను. ఇంగ్లిషు అక్షరానికి ఒకే బైటు గనుక ఇబ్బంది కనిపించదు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింటు (ఒక్కో అక్షరానికి లేదా గుర్తుకు యూనికోడ్ ఇచ్చిన సంఖ్య) ఒక్కొక్కటి 3 బైట్లు.

'తెలుగు', 'స్త్రీ' అనే రెండు మాటలు పరీక్షకు బాగా పనికొస్తాయి. రెండింటిలోనూ 6 కోడ్ పాయింట్లు, 18 బైట్లు. కంటికి మొదటిది మూడు అక్షరాలు, రెండోది ఒక్కటే. ఎడమకు సర్ది, వెడల్పు 20 ఇస్తే బ్యాష్ రెండింటి వెనకా 2 ఖాళీలే పెడుతుంది. ఆరు రోమన్ అక్షరాల మాటకు 14 ఖాళీలు వస్తాయి. గరిష్ఠ పరిమితి 4 అని పెడితే 'తెలుగు'లో 'త' మిగిలి, ఎత్వం మొదటి బైటు దగ్గర తెగిపోతుంది. ఆ ముక్క చెల్లని యూటీఎఫ్-8.

జెడ్-షెల్ యూటీఎఫ్-8 లొకేల్‌లో కోడ్ పాయింట్లను లెక్కిస్తుంది. అక్షరం మధ్యలో బైటు తెగదు, కానీ రెండు మాటలకూ సమానంగా 14 ఖాళీలు పెడుతుంది కాబట్టి వరుస మళ్లీ వంకరే.

తెర మీది గడులను లెక్కిస్తే సరిపోతుందా? యూనికోడ్ ఎత్వాన్ని చోటు తీసుకోని గుర్తుగా, కొమ్మును చోటు తీసుకునే గుర్తుగా వర్గీకరించింది. చోటు తీసుకోని వాటికి మాత్రమే సున్నా ఇచ్చే పట్టిక ప్రకారం 'తెలుగు' 5 గడులు, 'స్త్రీ' 3. ఒత్తులను కలిపి గీసేది ఫాంటు, టెర్మినల్. వాటి లెక్క ఈ పట్టికతో కలవాలన్న హామీ లేదు.

దీన్నిబట్టి ప్రింట్‌ఎఫ్ తప్పు చేస్తోందనలేం. నిర్ణీత బైట్ల రికార్డులు ఫైలుకు రాసేటప్పుడు బైట్ల లెక్కే కావాలి. తెరపై తెలుగు పట్టికకు మాత్రం ఆ వెడల్పును నమ్మడానికి నాకు ఆధారం కనిపించలేదు. అంకెల గడులు ముందు పెట్టి, తెలుగు పేర్ల గడిని చివర ఉంచితే దాని వెనక ఖాళీల అవసరమే ఉండదు. పట్టిక స్ప్రెడ్‌షీట్‌కు వెళ్లేదైతే గడుల మధ్య ట్యాబ్ చాలు. షెల్ పనిముట్లు తయారుచేసేవారు విడుదలకు ముందు ఈ రెండు మాటలతో ఒకసారి పరీక్షించాలని నా విన్నపం.