ముఖ గాయాల తీవ్రతా స్కోరు

ముఖ గాయాల తీవ్రతా స్కోరు అనగా ప్రమాదాలలో ముఖపు ఎముకలకు, చర్మానికి తగిలిన దెబ్బల తీవ్రతను ఒకే అంకెలో తెలిపే కొలమానం. శస్త్రచికిత్స ఏ మేరకు అవసరం కాగలదో, ఖర్చు ఎంత కాగలదో ముందుగా అంచనా వేయడానికి, వేర్వేరు ఆసుపత్రుల చికిత్సా ఫలితాలను పోల్చడానికి ఇది ఉపకరిస్తుంది. ఇటువంటి కొలమానాలు అనేకం ఉన్నాయి. వాటిలో షారోఖ్ బఘేరి, ఆయన సహచరులు 2006లో ప్రకటించిన ఎఫ్.ఐ.ఎస్.ఎస్. తరచుగా ప్రస్తావనకు వస్తుంది.

పూర్వరంగం

ముఖపు ఎముకలు ఎలాపడితే అలా విరగవని 1901లో ఫ్రెంచి వైద్యుడు రెనే లెఫోర్ శవాలపై చేసిన ప్రయోగాల ద్వారా చూపాడు. ఆయన పేరిట మూడు రకాల విరుగుళ్ళు ప్రసిద్ధమయ్యాయి. మొదటి రకంలో పై పళ్ళ వరుస ఉన్న దవడ భాగం విడిపోతుంది. రెండవ రకంలో ముక్కుతో సహా త్రిభుజాకారపు భాగం కదులుతుంది. మూడవ రకంలో ముఖం మొత్తం పుర్రె నుండి వేరవుతుంది. అయితే ఇది వర్గీకరణ మాత్రమే, స్కోరు కాదు.

గాయాలకు అంకెలు కేటాయించే పద్ధతి 1971లో వెలువడిన ఎ.ఐ.ఎస్. అనే కొలమానంతో స్థిరపడింది. అందులో ప్రతి గాయానికి 1 నుండి 6 వరకు ఒక స్థాయి ఉంటుంది. దాని ఆధారంగా 1974లో అమెరికాకు చెందిన సుసాన్ బేకర్ బృందం ఐ.ఎస్.ఎస్.ను రూపొందించింది. శరీరాన్ని ఆరు భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగంలో అతి తీవ్రమైన గాయాన్ని మాత్రమే తీసుకొని, వాటిలో పెద్దవైన మూడు అంకెల వర్గాలను కూడుతారు. గరిష్ఠ విలువ 75. సాధారణంగా 15 దాటితే ప్రాణాపాయకరమైన పెద్ద గాయంగా పరిగణిస్తారు.

ఈ లెక్కలో ముఖానికి న్యాయం జరగదు. ముఖ గాయాలు స్వతహాగా ప్రాణం తీయడం అరుదు గనుక వాటికి దక్కే స్థాయి తక్కువ. పైగా ముఖంలో ఎన్ని ఎముకలు విరిగినా లెక్కలోకి వచ్చేది ఒక్కటే. కానీ రోగికి చూపు, నమలడం, మాట, రూపం అన్నీ ముఖంతో ముడిపడినవే.

లెక్కించే విధానం

ఎఫ్.ఐ.ఎస్.ఎస్.లో విరిగిన ప్రతి చోటుకూ అంకె వేసి కూడుతారు. కింది దవడ నడిమి భాగం, గడ్డం భాగం లేదా నిలువు కొమ్మ విరిగితే 2, దవడ కీలు దగ్గర విరిగితే 1, చెంప ఎముకకు 1, ముక్కు ఎముకకు 1, ముక్కు మొదలు, కంటి గూడు కలిసే చోటుకు 3 వేస్తారు. లెఫోర్ రకాలకు వరుసగా 2, 4, 6. ఒక పక్కనే విరిగితే అందులో సగం. నుదుటి ఎముక విరిగి స్థానం తప్పితే 5, తప్పకపోతే 1. పది సెంటీమీటర్లకు మించిన చర్మపు కోతకు 1.

ఉదాహరణకు ద్విచక్ర వాహనం మీది నుండి పడిన ఇద్దరిని తీసుకొందాం. ఒకరికి కింది దవడ ఒక చోట విరిగి పక్కకు జరిగింది. రెండవ వారికి అదే గాయంతో పాటు దవడ కీలు, లెఫోర్ రెండవ రకం విరుగుడు కూడా ఉన్నాయి. వేరే గాయాలు లేకుంటే ఇద్దరికీ ఐ.ఎస్.ఎస్. 4 మాత్రమే. ఎఫ్.ఐ.ఎస్.ఎస్. మాత్రం మొదటివారికి 2, రెండవవారికి 7. ఆపరేషన్ గదిలో ఎవరికి ఎంత సమయం పడుతుందో ఈ రెండవ లెక్కే చెప్పగలదు.

అంచనా, పరిమితులు

బఘేరి బృందం పరిశీలనలో ఈ స్కోరుకు శస్త్రచికిత్స ఖర్చుతో గట్టి సంబంధం కనిపించింది. ఆసుపత్రిలో ఉండే రోజులతో సంబంధం అంత బలంగా లేదు. ఇందులో ఆశ్చర్యం లేదు. తలకో, ఛాతీకో తగిలిన దెబ్బ వల్ల ఎక్కువ రోజులు ఉండవలసి రావచ్చును.

విరిగిన ఎముకల లెక్కలో దృష్టి నాడి, ముఖ నాడి దెబ్బతినడం కనిపించదు. ఎముక చెక్కుచెదరకుండా కన్ను పోయినవారికి స్కోరు సున్నా రావచ్చు. ఈ కొరతను కొంత తీర్చేందుకు చైనా పరిశోధకులు 2006లోనే మరొక స్కోరు ప్రతిపాదించారు. పళ్ళు కలవకపోవడం, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, ముఖం వికృతం కావడం అనే మూడింటిని అది లెక్కలోకి తీసుకొంటుంది.

స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలు (1974) కూడా ముఖ గాయాల వద్ద తడబడుతుంది. వాపుతో కళ్ళు మూసుకుపోయిన రోగికి కళ్ళు తెరిచే పరీక్ష చేయడం, శ్వాసనాళంలో గొట్టం వేసిన రోగికి మాట పరీక్ష చేయడం సాధ్యం కాదు. ఏ స్కోరైనా సీటీ స్కాన్ తరువాత వేసే లెక్కే గాని, రక్తంతోనో, వెనక్కు జారిన దవడతోనో మూసుకుపోతున్న శ్వాసమార్గాన్ని సరిచేసే తొలి నిమిషాలలో దానికి పాత్ర లేదు.

చట్టపరమైన తీవ్రత

వైద్యుల స్కోరుకూ చట్టం చెప్పే తీవ్రతకూ పోలిక లేదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక లేదా పన్ను విరగడం, ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడం, ముఖం శాశ్వతంగా వికృతం కావడం తీవ్ర గాయాలే. అంతకుముందు భారతీయ శిక్షాస్మృతి 320వ సెక్షన్ కూడా ఇదే చెప్పింది. స్కోరులో ఒక్క అంకె మాత్రమే పొందే ముక్కు ఎముక విరుగుడు ఆ విధంగా న్యాయస్థానంలో తీవ్ర గాయమవుతుంది.