తల పగిలే నొప్పి.. ఆ వెంటనే కోమా.. ఆపరేషన్‌కి ఆగాలా, త్వరగా చేయాలా?

ఇబ్రహీంపట్నం: "ఇప్పుడు ముట్టుకోవద్దు, కాస్త కోలుకున్నాక చూద్దాం". మెదడులో రక్తనాళం చిట్లి స్పృహ తప్పిన పేషెంట్ల విషయంలో ఒకప్పుడు డాక్టర్ల మాట ఇదే. ఇప్పుడది మారింది.

రక్తనాళం గోడ ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బితే దాన్ని ఎన్యూరిజమ్ అంటారు. అది పగిలితే క్షణాల్లో భరించలేని తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం. మన దగ్గర దీన్ని ఎండదెబ్బ అనో, గ్యాస్ అనో అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటారు. ఆస్పిరిన్ అయితే ఇంకా ప్రమాదం.

1968లో హంట్, హెస్ అనే డాక్టర్లు పేషెంట్ పరిస్థితిని 5 గ్రేడ్లుగా విడగొట్టారు. మగతలోకి జారితే 4, కోమా అయితే 5. వీళ్లకి ముందే కత్తి పెడితే వాచిన మెదడు తట్టుకోదని భయం. అందుకే ఆగేవారు. చిక్కేంటంటే, ఆగిన ఆ రోజుల్లోనే బుడగ మళ్లీ పగిలేది. ఆ ముప్పు మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. గ్రేడ్ ఎంత ముదిరితే ముప్పు అంత ఎక్కువ. రెండోసారి పగిలితే బతికేవాళ్లు తక్కువ.

అందుకే 2023 నాటి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాలు వీలైనంత త్వరగా, కుదిరితే 24 గంటల్లోపే బుడగని మూసేయమంటున్నాయి. పుర్రె తెరిచి క్లిప్ వేస్తారు, లేదా తొడ దగ్గర రక్తనాళం నుంచి సన్నని ట్యూబ్ పంపి కాయిల్స్ నింపుతారు.

ఇంకో సంగతి. కోమాకి కారణం ఒక్కోసారి మెదడులో నీరు చేరడమే. ట్యూబ్ వేసి ఆ నీరు తీస్తే గ్రేడ్ 5 అన్న మనిషి కళ్లు తెరిచిన సందర్భాలున్నాయి. అలాగని అందరూ కోలుకోరు. గ్రేడ్ 5లో చాలామంది దక్కరు, దక్కినా కొందరికి చెయ్యీ కాలూ పడిపోతాయి. కంటిపాపలు రెండూ కదలకపోతే ఆశ ఇంకా తక్కువ. "ఇంటికి తీసుకెళ్లిపోండి" అన్నా సరే, నీరు తీసి చూశారా అని మాత్రం ఇంట్లోవాళ్లు అడగాలి.

ఇబ్రహీంపట్నం, కొండపల్లి వాళ్లకి విజయవాడ పక్కనే. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్‌తో పాటు న్యూరోసర్జన్ కూడా ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లాలి. మూడు చోట్ల తిరిగితే పోయేది ఆ 24 గంటలే. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి.

ఆపరేషన్ అయ్యాక కూడా నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా రక్తనాళాలు బిగుసుకుపోయే ముప్పుంటుంది. దానికే 21 రోజులు నిమోడిపిన్ ఇస్తారు. మధ్యలో మానకూడదు.