పాస్‌వర్డు డైరీలో రాసుకుంటే తప్పా?

మా నాన్న దగ్గర ఓ పాత డైరీ ఉంది. ఊళ్ళో ఎరువుల కొట్టువాళ్ళు సంక్రాంతికి ఇచ్చింది. దాని వెనక పేజీల్లో గ్యాస్ నంబరు, కరెంటు సర్వీసు నంబరు, వాటి కింద బ్యాంకు పాస్‌వర్డు, మెయిల్ పాస్‌వర్డు అన్నీ నీలం సిరాతో ముత్యాల్లా రాసి పెట్టుకున్నాడు. రెండేళ్ళ క్రితం పండక్కి వెళ్ళినప్పుడు అది నా కంటబడింది. ఇంతెత్తున లేచాను. "పాస్‌వర్డులు ఎవరైనా కాగితం మీద రాసుకుంటారా నాన్నా?" అని ఆ పేజీ చింపించి, పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, ఓ వింత గుర్తు ఉండేలా కొత్త పాస్‌వర్డు పెట్టించి, మూడు నెలలకోసారి మార్చమని చెప్పి, ఏదో ఘనకార్యం చేసినట్టు హైదరాబాదు బస్సెక్కాను.

మూడోసారి మార్చాక ఆయన మర్చిపోయాడు. నాకు ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానని కట్ చేశాను. ఆయన నెట్లో బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు వెతికి, మొదట కనబడిన దానికి ఫోన్ చేశాడు. అది బ్యాంకు నంబరు కాదు. అవతలివాడు "సార్, సార్" అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడి, పాస్‌వర్డు మార్చిపెడతానని రెండు ఓటీపీలు చెప్పించుకుని 48,000 రూపాయలు లాగేశాడు. ఆ రాత్రి నాన్న నన్నేమీ అనలేదు. "ఆ డైరీ ఉంటే బావుండేదిరా" అన్నాడు, అంతే.

ఆ మాట చాలా రోజులు కెలికింది. అసలు నేను ఆయనకి చెప్పిన ఈ నియమాలు ఎక్కడివి? ఎవరు పెట్టారు? తవ్వుకుంటూ వెళ్తే తేలిన సంగతులివి.

కంప్యూటరుకి పాస్‌వర్డు పెట్టడం 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో, ఫెర్నాండో కోర్బాటో బృందం తయారుచేసిన సీటీఎస్ఎస్ అనే సిస్టంతో మొదలైందని చెబుతారు. ఒకే మెషీన్ని చాలామంది పంచుకుని వాడేవాళ్ళు. ఎవరి ఫైళ్ళు వాళ్ళకి, ఎవరి గంటలు వాళ్ళకి. అందుకని పాస్‌వర్డు. అప్పట్లో కాపాడాల్సింది డబ్బు కాదు, కంప్యూటర్ టైము అన్నమాట!

ఇక్కడే తమాషా. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికిచ్చిన గంటలు సరిపోలేదు. పాస్‌వర్డుల ఫైలుని ప్రింటు తీయమని ఓ పంచ్ కార్డు రాసి పెట్టాడు. మర్నాడు అందరి పాస్‌వర్డులూ కాగితం మీద వచ్చేశాయి. ఆ సంగతి పాతికేళ్ళ తర్వాత ఆయనే బయటపెట్టాడు. 1966లో ఇంకో ముచ్చట. ఎడిటర్లో ఉన్న ఓ బగ్ వల్ల పాస్‌వర్డుల ఫైలూ, లాగిన్ అవగానే కనబడే సందేశం ఫైలూ తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివాడికీ ఊరందరి పాస్‌వర్డులు దర్శనమిచ్చాయి. రెండుసార్లూ తప్పు వాడేవాళ్ళది కాదు, దాచినవాళ్ళది. ఇది గుర్తుంచుకోండి.

పాస్‌వర్డుని ఉన్నదున్నట్టు దాచకూడదని యునిక్స్ వాళ్ళు గ్రహించారు. బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ కలిసి 1979లో దీని మీద ఓ పేపరు రాశారు. పాస్‌వర్డుని వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చి, దానికి కొంచెం 'ఉప్పు' కలిపి దాచడం అందులో వివరించారు. వాళ్ళు సేకరించిన 3,289 పాస్‌వర్డుల్లో 86 శాతం చాలా చిన్నవో, నిఘంటువులో దొరికేవో, పేర్లో అని తేలింది. ఇంకో విచిత్రం చూడండి... 1988 నవంబరులో ఇంటర్నెట్‌ని కుదిపేసిన వార్మ్ రాసింది ఆ మోరిస్ గారి కొడుకే. అది వాడిన దారుల్లో ఒకటి, తేలిక పాస్‌వర్డులని ఊహించడం.

మరి అంకెలు, గుర్తులు, మూడు నెలలకోసారి మార్చడం? ఈ అలవాటుకి ప్రభుత్వ ముద్ర పడింది అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీలో బిల్ బర్ 2003లో రాసిన మార్గదర్శకాలతో. లోకమంతా, మన కంపెనీల ఐటీ డిపార్టుమెంట్లతో సహా, అదే పట్టుకుంది. జనం ఏం చేశారు? పాత పాస్‌వర్డు చివర 1 తీసి 2 పెట్టారు. మనం చెయ్యలేదా ఏంటి? 2017లో ఆ సంస్థ కొత్త మార్గదర్శకాలిచ్చింది. ఊరికే గడువు పెట్టి మార్పించొద్దు, గుర్తుల నిర్బంధం వద్దు, పొడవు ముఖ్యం, ఇప్పటికే లీకైన పాస్‌వర్డులని ఒప్పుకోవద్దు అని. అప్పటికి రిటైరైన బర్ గారు, తాను రాసినదాంట్లో చాలావాటికి విచారిస్తున్నానని అదే ఏడు పత్రికకి చెప్పుకున్నారు. ఆయన విచారించిన సలహానే నేను అన్నేళ్ళ తర్వాత మా నాన్నకి ఇచ్చానన్నమాట. ఇంజినీరింగు చదివి మరీ!

లీకుల సంగతి కూడా చెప్పాలి. 2009 డిసెంబరులో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటపడ్డాయి. ఉప్పూ లేదు, కారమూ లేదు, ఉన్నవి ఉన్నట్టే దాచారు. 1962 పాఠం 47 ఏళ్ళకీ ఒంటబట్టలేదు. ఒకచోట లీకైన పాస్‌వర్డుని దొంగలు వందచోట్ల ప్రయత్నిస్తారు. కాబట్టి అసలు ప్రమాదం కాగితం మీద రాసుకోవడం కాదు, అన్నిచోట్లా ఒకటే పెట్టుకోవడం. గుర్తుపెట్టుకు తీరాలంటే ఎవరైనా ఒకటే పెట్టుకుంటారు మరి. డైరీ ఉంటే పది రకాలు పెట్టుకోవచ్చు. ఆ డైరీ చదవాలంటే దొంగ మా ఇంట్లోకి రావాలి. నాన్నని ముంచినవాడు మా ఊరి పొలిమేర కూడా తొక్కలేదు.

మన దగ్గర 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి రిజర్వు బ్యాంకు రెండో తాళం తప్పనిసరి చేసింది. ఓటీపీ మనకి అలా అలవాటైంది. మంచిదే. కానీ తాళం గట్టిపడేసరికి దొంగ తాళాన్ని వదిలేసి ఇంటాయన్నే తలుపు తియ్యమని అడగడం మొదలెట్టాడు. దానికి ఏ వింత గుర్తూ అడ్డుపడదు.

ఈసారి పండక్కి వెళ్ళి కొత్త డైరీ కొనిచ్చాను. ఒక్కో ఖాతాకి ఒక్కో పాస్‌వర్డు, మూడు నాలుగు మామూలు తెలుగు మాటలు కలిపి పొడుగ్గా. డైరీ బీరువాలో. మెయిల్‌కి రెండో తాళం. మొదటి పేజీలో పెద్దక్షరాలతో మూడు సంగతులు రాశాం: బ్యాంకు నంబరు కార్డు వెనకాలే చూడాలి. ఓటీపీ ఫోన్లో ఎవరికీ చెప్పకూడదు, మర్యాదగా అడిగినా సరే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

నాలుగోది నాన్న తనే రాసుకున్నాడు. "ముందు అబ్బాయికి ఫోన్ చెయ్యాలి."

ఇప్పుడు మీటింగులో ఉన్నా ఆయన ఫోనెత్తుతున్నాను.