జంషెడ్‌పూర్ డిజిటల్ పటం: సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది, ఎంతవరకు నమ్మవచ్చు?

ఫోను తెరపై జంషెడ్‌పూర్ ఒకే నగరంగా కనిపిస్తుంది. బిష్టుపూర్ నుంచి సాక్చి మీదుగా మాంగో వంతెన దాటే దారిని నీలి గీత ఎక్కడా తెగకుండా చూపుతుంది. పరిపాలన లెక్కల్లో మాత్రం ఆ నేల అంతా ఒకటి కాదు. జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కమిటీ, మాంగో నగరపాలక సంస్థ, జుగ్‌సలాయ్ పురపాలక సంస్థ తూర్పు సింహభూమ్ జిల్లాలో ఉన్నాయి. ఖర్కాయ్ నదికి ఆవల ఉన్న ఆదిత్యపూర్ సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాకు చెందుతుంది. ఉక్కు కర్మాగారాన్ని ఆనుకొని ఉన్న ప్రధాన ప్రాంతంలో నీటి సరఫరా, పారిశుధ్యం వంటి సేవలను టాటా స్టీల్ అనుబంధ సంస్థ నిర్వహిస్తోంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ నగర సముదాయంలో 13 లక్షలకు పైగా ప్రజలు నివసిస్తున్నారు.

ఇన్ని యంత్రాంగాల చేతుల్లో ఉన్న సమాచారం ఒకే పటంగా ఎలా రూపొందుతుంది? వరద వచ్చినప్పుడు, అంబులెన్సు పిలిచినప్పుడు, ఇంటి స్థలంపై వివాదం తలెత్తినప్పుడు ఆ పటం ఎంతవరకు అక్కరకు వస్తుంది? తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలతో సహా నగరవాసులందరికీ సంబంధించిన ప్రశ్నలివి.

ఖనిజాల అన్వేషణతో మొదలు

జంషెడ్‌పూర్ పుట్టుకకే భౌగోళిక సమాచారం మూలం. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసి, ఆపై మయూర్‌భంజ్ సంస్థానంలో చేరిన భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్, అక్కడి గోరుమహిసాని కొండల్లో ఇనుప ఖనిజం ఉన్నదని తెలుపుతూ 1904 ఫిబ్రవరి 24న జంషెడ్జీ టాటాకు లేఖ రాశారు. ఖనిజం, బొగ్గు, నీరు, రైలు మార్గం అందుబాటులో ఉండే చోటు కోసం సాగిన అన్వేషణ చివరికి సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే ప్రాంతానికి సమీపంలోని సాక్చి గ్రామం వద్ద ముగిసింది. 1912లో కర్మాగారంలో ఉక్కు ఉత్పత్తి ప్రారంభమైంది. 1919లో పట్టణానికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది.

పట్టణానికి తొలి ప్రణాళికను పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెనెడీ సంస్థ రూపొందించింది. తరువాత ఎఫ్.సి. టెంపుల్, మేజర్ స్టోక్స్, 1940లలో ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ వరుసగా ప్రణాళికలు సిద్ధం చేశారు. భారతదేశంలో ఒక పారిశ్రామిక పట్టణానికి ఇన్ని తరాల ప్రణాళికా పటాలు ఉండటం అరుదు. అయితే ఆ పటాలన్నీ ప్రధానంగా ప్రణాళికా పరిధిలోని నేలకు సంబంధించినవి. ఆ హద్దుల అంచున, వెలుపల పెరిగిన బస్తీల వివరాలు వాటిలో అంత సమగ్రంగా లభించవు. నేటి డిజిటల్ పటాల్లోని అనేక ఖాళీలకు మూలం ఇక్కడే ఉన్నది.

పునాది: సర్వే ఆఫ్ ఇండియా

దేశంలో అధికారిక స్థలాకృతి పటాలకు ఆధారం 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా. 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ప్రారంభించిన మహా త్రికోణమితి సర్వే దేశమంతటికీ కొలతల చట్రాన్ని అందించింది. పాత సంఖ్యా విధానంలో జంషెడ్‌పూర్ ప్రాంతం 73 జె షీటు పరిధిలోకి వస్తుంది. 1:50,000 స్కేలు పటంలో ఒక సెంటీమీటరు నేలపై 500 మీటర్లకు సమానం. అర మిల్లీమీటరు మందం గల గీత 25 మీటర్ల నేలను కప్పివేస్తుంది. కొండలు, వాగులు, రహదారుల తీరు తెలుసుకోవడానికి ఈ పటం చక్కగా ఉపయోగపడుతుంది. ఇంటి గోడ ఎక్కడ ఉన్నదో చెప్పడానికి పనికిరాదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. భూమి ఆకారాన్ని లెక్కించేందుకు పాత పటాలు ఎవరెస్ట్ దీర్ఘగోళాన్ని ఆధారంగా తీసుకున్నాయి. నేటి ఉపగ్రహ స్థాన నిర్ణయ వ్యవస్థలు డబ్ల్యూజీఎస్-84 అనే ప్రపంచ ప్రమాణాన్ని అనుసరిస్తున్నాయి. సరైన మార్పిడి లేకుండా ఒకదానిపై మరొకదాన్ని పరిస్తే, అదే వంతెన రెండు చోట్ల కనిపిస్తుంది. ఆ ఎడం పదుల మీటర్లు, కొన్నిచోట్ల అంతకు మించి ఉండవచ్చు. పొరపాటు నేల మీద జరిగినది కాదు, లెక్కలో జరిగినది.

ఆకాశం నుంచి చూపు

డిజిటల్ పటాలకు రెండవ ప్రధాన వనరు ఉపగ్రహ చిత్రాలు. భారత తొలి కార్యాచరణ దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ 1988 మార్చి 17న కక్ష్యలోకి చేరింది. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం షాద్‌నగర్ స్టేషన్‌లో స్వీకరించి, శుద్ధి చేసి అందిస్తోంది. ఆ కేంద్రం నిర్వహిస్తున్న భువన్ పోర్టల్ 2009 ఆగస్టులో ప్రారంభమైంది. రాష్ట్ర స్థాయిలో రాంచీలోని జార్ఖండ్ అంతరిక్ష అనువర్తనాల కేంద్రం ఈ రంగంలో పనిచేస్తోంది.

చిత్రం ఎంత సూక్ష్మంగా ఉన్నదన్నదే దాని ఉపయోగాన్ని నిర్ణయిస్తుంది. రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా చిత్రంలో ఒక్కో చుక్క 23.5 మీటర్ల నేలకు ప్రతీక. దల్మా అడవుల పచ్చదనం, డిమ్నా సరస్సు నీటి విస్తీర్ణం వంటివి దీనితో అంచనా వేయవచ్చు. లిస్-4 కెమెరా 5.8 మీటర్ల వివరాన్ని ఇస్తుంది. ఇందులో కాలనీల విస్తరణ తెలుస్తుంది. 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 చిత్రాల్లో ఈ వివరం 2.5 మీటర్లు. 2019 నాటి కార్టోశాట్-3తో ఒక మీటరు కంటే చిన్న వివరాలు సైతం కనిపిస్తాయి. ఐరోపాకు చెందిన సెంటినెల్-2 ఉపగ్రహాల 10 మీటర్ల చిత్రాలు, అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రాలు ఉచితంగా లభిస్తున్నాయి. ల్యాండ్‌శాట్ భాండాగారం దశాబ్దాల నాటి నుంచి ఉన్నందున నగరం పెరిగిన తీరును పోల్చి చూడటానికి అది విలువైన ఆధారం.

వర్షాకాలంలో మేఘాలు కమ్మితే సాధారణ కెమెరా చిత్రాలు అక్కరకు రావు. అప్పుడు రాడార్ ఉపగ్రహాలే దిక్కు. 2022 ఫిబ్రవరిలో ఇస్రో ప్రయోగించిన ఈఓఎస్-04 వంటివి మేఘాల గుండా, రాత్రి వేళల్లోనూ నేలను చూడగలవు. నిశ్చలమైన నీటి ఉపరితలం రాడార్ చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. వరద నీరు ఎంతవరకు వ్యాపించిందో ఈ విధంగానే గుర్తిస్తారు.

వరద అంచనాకు ఎత్తులే కీలకం

సువర్ణరేఖపై ఎగువన చాండిల్ ఆనకట్ట ఉన్నది. భారీ వర్షాలకు రెండు నదులూ ఒకేసారి పొంగినప్పుడు కదమా, మాంగో, జుగ్‌సలాయ్, బాగ్‌బేడా పరిధిలోని నదీతీర లోతట్టు కాలనీలకు ముప్పు వాటిల్లుతుంది. ఏ వీధిలోకి ముందుగా నీరు వస్తుందో చెప్పాలంటే నేల ఎత్తు తెలియాలి.

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల యాత్రలో రాడార్‌తో సేకరించిన ఎస్ఆర్‌టీఎం సమాచారం, కార్టోశాట్-1 జంట చిత్రాల నుంచి రూపొందించిన కార్టోడెమ్ ఇందుకు ఉచితంగా లభించే వనరులు. అయితే వీటిలో ఎత్తు కొలతలు కొన్ని మీటర్ల మేర అటూ ఇటూ కావచ్చు. పైగా చెట్ల గుబుర్లు, భవనాల పైకప్పుల ఎత్తు కూడా నేల ఎత్తులో కలిసిపోతుంది. ఇంటి గడపను ముంచే నీటి లోతు మాత్రం ఒకటి రెండు మీటర్లే. అందువల్ల ఈ సమాచారంతో నదీ పరీవాహకాన్ని అంచనా వేయవచ్చు గానీ, వీధి వారీ హెచ్చరికకు అది చాలదు. దానికి లేజర్ కిరణాలతో కొలిచే లైడార్ సర్వే లేదా క్షేత్రస్థాయి లెవలింగ్ అవసరం.

స్థాన నిర్ణయం

అమెరికా జీపీఎస్, భారత్ నావిక్ వంటి ఉపగ్రహ వ్యవస్థలు పటంపై మనం ఎక్కడ ఉన్నామో చెబుతాయి. సాధారణ ఫోను ఆరుబయట కొన్ని మీటర్ల తేడాతో స్థానాన్ని సూచిస్తుంది. ఎత్తైన భవనాలు, కర్మాగారపు షెడ్ల నడుమ ఆ తేడా పెరుగుతుంది. సెంటీమీటర్ల కచ్చితత్వం కావాలంటే స్థిరమైన స్టేషన్ల నుంచి సవరణ సమాచారం అందాలి. ఇందుకోసం సర్వే ఆఫ్ ఇండియా దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా కార్స్ స్టేషన్లను నెలకొల్పింది. డ్రోన్లతో తీసిన చిత్రాలను నేలపై సరిగ్గా కూర్చడానికి కూడా ఇవే ఆధారం.

భూమి రికార్డులు వేరు, ఉపగ్రహ చిత్రం వేరు

తెలుగు రాష్ట్రాల్లో సర్వే నంబరు, ఎఫ్ఎంబీ ఎలాగో జార్ఖండ్‌లో మౌజా పటం, ఖాతా, ప్లాటు సంఖ్య అలాగ. ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం 1908 నుంచి అమలులో ఉన్న ఈ ప్రాంతంలో భూమి రికార్డు కేవలం కొలత కాదు, హక్కుకు సంబంధించిన పత్రం. పాత గ్రామ పటాలను మైలుకు 16 అంగుళాల స్కేలులో గీశారు. ఆ పటంపై ఒక మిల్లీమీటరు తేడా నేలపై సుమారు 4 మీటర్లకు సమానం. ఏళ్ల తరబడి మడతపడి, తేమకు సాగిన కాగితాన్ని స్కాన్ చేస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. రాష్ట్ర ప్రభుత్వ భూనక్ష పోర్టల్‌లో ఇప్పుడు ఈ పటాలు అంతర్జాలంలో చూడవచ్చు.

జంషెడ్‌పూర్‌లో 86 బస్తీల యాజమాన్య హక్కుల అంశం చిరకాలంగా ప్రజా చర్చలో ఉన్నది. ఇటువంటి చోట ఒక విషయం స్పష్టంగా గ్రహించాలి. ఉపగ్రహ చిత్రం ఫలానా తేదీన అక్కడ ఇల్లు ఉన్నదని చూపగలదు. ఆ నేల ఎవరిదో చెప్పలేదు. మౌజా పటం హద్దును చూపుతుంది. అక్కడ ఇప్పుడు ఎవరు నివసిస్తున్నారో చెప్పలేదు. రెండింటినీ ఒకదానిపై ఒకటి పరిచినప్పుడు గీతలు కలవకపోతే, అది ఆక్రమణ కావచ్చు, పటం లోపమూ కావచ్చు. క్షేత్ర సర్వే జరగకుండా తెరపై గీతను చూసి నిర్ణయానికి రావడం సరికాదు.

ప్రజలు గీసే పటాలు, కొత్త చిరునామాలు

2004లో ప్రారంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో స్వచ్ఛంద కార్యకర్తలే రహదారులను, పేర్లను నమోదు చేస్తారు. ఒకే స్థలానికి హిందీ, బెంగాలీ, సంతాలీ, తెలుగు వంటి పలు భాషల్లో పేరు చేర్చే వెసులుబాటు ఇందులో ఉన్నది. ఎవరూ నమోదు చేయని సందు మాత్రం పటంలో ఉండదు. గూగుల్, మ్యాప్‌మైఇండియా వంటి వాణిజ్య సంస్థలు తమ సొంత సర్వేలతో పాటు వినియోగదారుల సూచనలనూ వాడుకుంటాయి.

వీధి పేరు, ఇంటి సంఖ్య లేని చోట్లకు మార్గంగా తపాలా శాఖ 2025 మే నెలలో డిజిపిన్‌ను ప్రవేశపెట్టింది. ఐఐటీ హైదరాబాద్, జాతీయ దూరసంవేదన కేంద్రాల సహకారంతో రూపొందిన ఈ విధానంలో దేశాన్ని సుమారు 4 మీటర్ల గడులుగా విభజించి, ఒక్కో గడికి 10 అక్షరాంకాల సంకేతాన్ని కేటాయించారు. అది స్థానాన్ని మాత్రమే తెలుపుతుంది. నివాసానికి గానీ, హక్కుకు గానీ ధ్రువీకరణ కాదు.

విధానంలో మార్పు

పటాల తయారీకి గతంలో అనుమతులు తప్పనిసరి. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలు భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతుల అవసరాన్ని చాలావరకు తొలగించాయి. అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల పరిమితి కంటే సూక్ష్మమైన సమాచార సేకరణను భారతీయ సంస్థలకే పరిమితం చేశాయి. 2022 డిసెంబరులో జాతీయ భౌగోళిక సమాచార విధానం వెలువడింది.

పటాన్ని అడగవలసిన ప్రశ్నలు

ఏ డిజిటల్ పటాన్ని ఆధారం చేసుకున్నా నాలుగు విషయాలు తెలుసుకోవాలి: సమాచారం ఏ తేదీ నాటిది, మూల పటం స్కేలు ఎంత, ఏ ప్రమాణంలో కొలిచారు, ఏ ప్రయోజనం కోసం తయారు చేశారు. దారి వెతకడానికి రూపొందిన పటంతో హద్దు తేల్చకూడదు. పరీవాహక అంచనాకు తయారైన ఎత్తుల నమూనాతో ఏ ఇల్లు సురక్షితమో ప్రకటించకూడదు. జంషెడ్‌పూర్ వంటి నగరంలో వివిధ సంస్థల వద్ద ఉన్న సమాచారం ఒకే ప్రమాణంలోకి వచ్చి, నదీతీరపు చివరి సందు కూడా అందులో నమోదైన నాడే సహాయక బృందం వరద రాత్రి దారి తప్పకుండా ఆ గడపకు చేరగలుగుతుంది.