కిరణం ఎక్కడ ఆగాలి

చెన్నైలోని తరమణి. దేశంలో మొట్టమొదటి ప్రోటాన్ చికిత్స కేంద్రం 2019లో మొదలైంది ఇక్కడే. ప్లానింగ్ గదిలో ఫిజిసిస్టు కుర్చీ వెనక నిలబడి ఉన్నారు మీరు. కంప్యూటర్ తెర మీద పక్కపక్కన రెండు తలలు. రెండూ ఒకే కుర్రాడివి. ఇరవై రెండేళ్లు, కుడివైపు టెంపోరల్ లోబులో నిదానంగా పెరిగే గ్లయోమా. ఆపరేషన్‌లో మొత్తం రాలేదు. రేడియేషన్ డోసు 54 గ్రే, 30 సిట్టింగులు. ఏ యంత్రం మీద పెట్టినా ఇదే లెక్క.

ఎడమవైపుది ఫోటాన్, అంటే ఎక్స్‌రే ప్లాను. గడ్డంతా ఎర్రగా నిండింది, అందులో వంక పెట్టడానికేం లేదు. దాని చుట్టూ చూడండి: లేత నీలం తలంతా పరుచుకుని, ఏ పాపమూ ఎరగని ఎడమ మెదడు దాకా పోయింది. లీనాక్ యంత్రం నుంచి వచ్చే ఎక్స్‌రే కిరణం ఆగేది కాదు. చర్మం కింద ఒకటిన్నర సెంటీమీటరు లోతున డోసు పతాకస్థాయికి చేరి, తగ్గుతూ తగ్గుతూ తల అవతలి నుంచి బయటికి పోతుంది.

కుడివైపు ప్రోటాన్ ప్లాను. ఎరుపు అంతే ఉంది. ఫిజిసిస్టు మౌస్‌ని గడ్డ దాటించి ఎడమకు జరుపుతుంటే పక్కనున్న డోసు అంకె చకచకా పడిపోయింది. జ్ఞాపకశక్తికి కీలకమైన ఎడమ హిప్పోక్యాంపస్ మీద దాదాపు సున్నా. బరువున్న కణం కాబట్టి ప్రోటాన్ దారిలో కొంచెం కొంచెంగా వదులుతూ వెళ్లి, ఆగబోయే ముందు మిగిలిన శక్తినంతా ఒక్కచోట దించేస్తుంది. ఆపైన ఏమీ ఉండదు. ఈ గుణాన్ని వైద్యానికి వాడొచ్చని రాబర్ట్ విల్సన్ 1946లోనే రాశాడు.

“మరి సరిగ్గా గీత గీసినట్టు ఆగుతుందా?” అని అడిగారు మీరు.

“అలా అనుకుంటే కొంప మునుగుతుందండీ,” అన్నాడాయన. సీటీ స్కాన్‌ని బట్టి వేసే లోతు లెక్కలో కొన్ని మిల్లీమీటర్ల తేడా ఎప్పుడూ ఉంటుంది. అందుకే గడ్డ వెనకే బ్రెయిన్‌స్టెమ్ ఉంటే కిరణాన్ని నేరుగా అటు గురిపెట్టరు. ప్రకటనల్లో ఈ సంగతి కనబడదు.

కిందికి దిగితే గ్యాంట్రీ గది. కిరణాన్ని తిప్పే మూడంతస్తుల ఉక్కు చట్రం గోడ వెనక తిరుగుతుంటే లోపల మూలుగులాంటి చప్పుడు. వేడినీళ్లలో మెత్తబరిచి ముఖానికి పోతపోసిన ప్లాస్టిక్ మాస్క్ కింద కుర్రాడు. బుగ్గల మీద వల అచ్చులు. ఎక్స్‌రేతో ఎముకలు సరిచూశారు. ప్రోటాన్లను పరుగెత్తించే సైక్లోట్రాన్ ఒక్కటే, గదులు మూడు. బీమ్ తమ వంతుకొచ్చేదాకా ఆగాలి. వచ్చాక నిమిషాల్లో పని అయిపోయింది. నొప్పి లేదుగానీ, మూసిన కళ్ల ముందు నీలి వెలుగు మెరిసిందన్నాడు. ఫోటాన్లతోనూ కొందరికి అలా కనబడుతుంది.

డాక్టరు గది బయట గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం. పెద్దాయనకు గ్లయోబ్లాస్టోమా.

“పొలం అమ్మైనా సరే, ప్రోటాన్ కరెంటే పెట్టించండి సార్,” అంటున్నాడు కొడుకు.

డాక్టరు తల అడ్డంగా ఊపారు. ఈ గడ్డ చుట్టుపక్కలకు వేళ్లు తన్నేది. అంచు దగ్గర ఆపి లాభం తక్కువ. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ వాళ్లు 2021లో ప్రచురించిన ట్రయల్‌లో, ఈ జబ్బుకు ప్రోటాన్ ఇచ్చినా జ్ఞాపకశక్తి, ఆలోచన మరికొంత కాలం నిలిచినట్టు తేలలేదు.

“పొలం అమ్మకు బాబూ. మీ ఊళ్లో లీనాక్ ఉంది. 60 గ్రే, ఆరు వారాలు. మాత్రలు రాసిస్తాను, సోమవారం మొదలుపెట్టించు.”