మందు రాయని ఏడాది



మీ ఇంట్లో పిల్లవాడికి జలుబు చేసింది. రెండో రోజుకి గొంతు నొప్పి, ఒళ్లు కాలే జ్వరం. డాక్టరు చూసి, "ఏం ఫరవాలేదు, మందేమీ అక్కర్లేదు, నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది" అని పంపించేస్తే మీకు తృప్తిగా ఉంటుందా? ఫీజు తీసుకుని ఉత్తి చేతులతో పంపాడని గొణుక్కోకుండా ఇంటికొచ్చేవాళ్లు తక్కువ. బరంపురమైనా, షోలాపూరైనా, హోసూరైనా ఇదే వరస. డాక్టరుకూ లోపల ఒక భయం ఉంటుంది. ఇవాళ యాంటీబయాటిక్ రాయకపోతే రేపది న్యుమోనియాలోకి దిగితే? చెవిలో చీము పట్టి వెనకనున్న ఎముకదాకా పోతే? ఈ భయానికో చరిత్ర ఉంది. 2020లో, ఎవరూ తలపెట్టకుండానే, దానికొక పరీక్ష కూడా జరిగింది. ఆ కథే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

భయం ఊరికే పుట్టలేదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా గురించి మీరు వినే ఉంటారు. ఆ మహమ్మారిలో పోయినవాళ్లలో అత్యధికులను బలిగొన్నది ఫ్లూ వెనకాలే వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా. నాడు భద్రపరచిన శవపరీక్ష నమూనాలను మళ్లీ చూసిన అమెరికన్ శాస్త్రజ్ఞులు 2008లో ఈ సంగతి చెప్పారు. 1918లో పెన్సిలిన్ లేదు. లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కంట అది పడింది 1928లో; మామూలు జనానికి అందింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. మన దేశంలో పుణె పక్కన పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ సంస్థ ఏర్పడింది 1954లో. అలాంటి మందు చేతికొచ్చాక, దాన్ని వాడకుండా ఊరుకోవడం ఏ వైద్యుడికైనా పాపంగానే తోచింది.

అయితే ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ చేసిన ప్రసంగంలోనే ఒక పిట్టకథ చెప్పాడు. ఒకాయన గొంతు నొప్పికి తనంతట తనే పెన్సిలిన్ కొని కొద్దిగా మింగుతాడు. క్రిములు చావవు, మందుకు తట్టుకోవడం నేర్చుకుంటాయి. అవే భార్యకు అంటుకుంటాయి. ఆమెకు న్యుమోనియా వస్తే పెన్సిలిన్ పనిచేయదు, ఆమె చనిపోతుంది. చూడండి, ఆయన ఉదాహరణకు ఎంచుకున్నది కూడా గొంతు నొప్పే! పన్నెండేళ్లు తిరిగేసరికి, 1957లో ఆసియా ఫ్లూ వచ్చినప్పుడు, దాని వెనక వచ్చిన స్టెఫిలోకాకస్ న్యుమోనియా చాలాచోట్ల పెన్సిలిన్‌కు లొంగలేదు.

మరి అవసరం లేనిచోట మందు తగ్గిస్తే అపాయమా, కాదా? దీన్ని లెక్కగట్టి చూసినవాళ్లలో లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన మార్టిన్ గలిఫర్డ్ బృందం ఒకటి. బ్రిటన్‌లో 610 ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కుల రికార్డులు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఏడువేల మంది రోగులున్న క్లినిక్కులో జలుబు, దగ్గు, గొంతు నొప్పులకు యాంటీబయాటిక్ రాయడం పదో వంతు తగ్గిస్తే, ఏడాదికి ఒక న్యుమోనియా కేసు ఎక్కువ రావచ్చు. టాన్సిల్ పక్కన చీముగడ్డ పదేళ్లకొకటి ఎక్కువ కావచ్చు. చెవి వెనక ఎముకకు చీము పట్టడం, మెదడు పొరల వాపు మాత్రం మందు తక్కువ రాసేచోట ఎక్కువగా కనిపించలేదు. అంటే అపాయం సున్నా కాదు. మనం భయపడినంతా కాదు.

ఇంతలో కోవిడ్ వచ్చింది. 2020 మార్చి 23న బ్రిటన్ ప్రధాని జనాన్ని ఇళ్లలోనే ఉండమన్నాడు. బడులు మూతపడ్డాయి. డాక్టర్లు చాలామటుకు ఫోన్లోనే మాట్లాడారు. గొంతులో టార్చిలైటు వేసి చూసే దారి లేదు, గుండె మీద గొట్టం పెట్టే దారి లేదు. ఇంగ్లండులో యాంటీబయాటిక్‌ల వాడకం ఆ ఒక్క ఏడాదిలో పదో వంతుకు పైగా పడిపోయింది. (పళ్ల డాక్టర్లు రాసినవి మాత్రం పెరిగాయి. పన్ను పీకే వీలు లేనప్పుడు పాపం వాళ్లు చేయగలిగింది అదే.) ఇప్పుడు సీరియస్ కేసులు ఆస్పత్రులకు వెల్లువెత్తుతాయని అనుకోవాలి కదా? అలా జరగలేదు. ఇంగ్లండు పిల్లల్లో 19 రకాల అంటురోగాలకు ఆస్పత్రిలో చేరిన లెక్కలు తీస్తే, మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్ ఒక్కటి తప్ప తక్కినవన్నీ గణనీయంగా తగ్గాయి. టాన్సిల్స్ వాపు, న్యుమోనియా, మెదడు పొరల వాపు, అన్నీ తగ్గినవాటిలోనే ఉన్నాయి.

"చూశారా, మందు అక్కర్లేదని తేలిపోయింది" అని కొందరు తొందరపడ్డారు. నాకు ఆ తొందర నచ్చలేదు. మందుల చీటీలు తగ్గిన ఏడాదిలోనే జబ్బులు కూడా తగ్గాయి కదా. బడికి పోని పిల్లవాడికి బడి జలుబు ఎక్కడిది? 26 దేశాల ప్రయోగశాలలు కలిసి చేసిన పరిశీలన దీన్ని చక్కగా విడమరచింది. దగ్గు తుంపరల ద్వారా పాకే న్యుమోకాకస్, హీమోఫిలస్, మెనింగోకాకస్ తీవ్ర ఇన్‌ఫెక్షన్లు 2020 తొలి నెలల్లో బాగా పడిపోయాయి. దగ్గు ద్వారా పాకని మరొక స్ట్రెప్టోకాకస్ మాత్రం ఎప్పటిలాగే ఉంది. కేసులు లెక్కలోకి రాకపోవడమే కారణమైతే అది కూడా తగ్గాలి. కాబట్టి జనం దూరంగా ఉండటమే ఇక్కడ పనిచేసింది. చీటీ రాయకపోవడం వల్ల ముప్పు ముంచుకురాలేదని అనవచ్చు, అంతే.

మిగతా సగం 2022 చివర్లో తెలిసింది. పిల్లలు మళ్లీ కలిసిమెలిసి తిరిగారు. బ్రిటన్‌లో గ్రూప్-ఎ స్ట్రెప్టోకాకస్ విజృంభించింది. స్కార్లెట్ జ్వరం కేసులు పెరిగాయి, కొందరు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. అంతకాలం "ఆచితూచి రాయండి" అన్న అధికారులే ఆ డిసెంబరులో, అనుమానం ఉన్న పిల్లలకు వెనకాడకుండా మందివ్వమని తాత్కాలికంగా ఆదేశాలు మార్చారు. మందుల షాపుల్లో పిల్లల పెన్సిలిన్ సిరప్ కొరత పడింది. మర్నాటి ఫిబ్రవరిలో ఆ ఆదేశాలు ఉపసంహరించారు. నాకు ముచ్చటేసింది ఈ పద్ధతే. వాతావరణం చూసి గొడుగు తీసినట్టు, జబ్బు తిరుగుతున్నప్పుడు మందు బయటికి తీశారు, తగ్గగానే లోపల పెట్టారు.

ఇక మన సంగతి. ఇంగ్లండులో చీటీలు తగ్గిన ఆ 2020లోనే మన దేశంలో కథ వేరుగా నడిచింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లో, మామూలుగా అమ్ముడుపోవలసిన దానికంటే రమారమి 21 కోట్ల 64 లక్షల డోసుల యాంటీబయాటిక్‌లు ఎక్కువ అమ్ముడుపోయాయని పరిశోధకుల అంచనా. అందులో 3 కోట్ల 80 లక్షలు అజిత్రోమైసిన్ ఒక్కటే. కోవిడ్ వైరసు, అజిత్రోమైసిన్ చంపేది బ్యాక్టీరియాను. ఆ మందు కోవిడ్‌కు మేలు చేయదని బ్రిటన్‌లో ఆస్పత్రి రోగుల మీద జరిపిన పరీక్ష 2020 డిసెంబరులోనే తేల్చింది. ఇళ్లలో ఉన్నవాళ్ల మీద జరిపిన మరో పరీక్ష 2021 జనవరిలో అదే మాట చెప్పింది. అయినా 2021 వేసవిలో అదే మాత్ర మన వీధి చివరి షాపులో చీటీ లేకుండానే చేతికొచ్చేది. మీలో ఎంతమంది కొన్నారో మీకే గుర్తుండాలి.

మరొక సంగతి కూడా మరచిపోకూడదు. మన పిల్లల గొంతు నొప్పుల్లో కొన్ని నిజంగానే స్ట్రెప్టోకాకస్ వల్ల వస్తాయి. వాటిని వదిలేస్తే కొందరికి కీళ్లవాతం జ్వరం వచ్చి, గుండె కవాటాలు చెడతాయి. అలాంటి పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి, ఏళ్ల తరబడి, బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజక్షన్ ఇవ్వాలి. చవకైన పాత మందు. అజిత్రోమైసిన్ కోట్లలో అమ్ముడుపోయే ఈ దేశంలో ఆ ఇంజక్షన్ దొరక్క తల్లిదండ్రులు షాపు షాపుకూ తిరిగిన సందర్భాలు ఒకటి రెండు కాదు.