గురువు ఋణం తీరే దారి



బళ్ళో డ్రాయింగు మాస్టారు కాలం చేస్తే మనం ఏం చేస్తాం? ఓ సంతాపసభ, గోడకో ఫోటో, దానికో దండ. దండ మర్నాటికి వాడిపోతుంది. ఫోటో మీద దుమ్ము పడుతుంది. దానికి బదులు ఆయన పేర ఏటా ఒక్క విద్యార్థికి ఉపకారవేతనం ఇస్తే బాగుండదూ? డ్రాయింగు మాస్టారికి ఇంత హడావుడి ఎందుకని ముక్కున వేలేసుకోకండి. గోదావరి గట్టున జరిగిన ఓ పాత సంగతి చెబుతాను.

మా కొవ్వూరు గోష్పాద రేవులో నిలబడితే ఆవలి ఒడ్డున కనిపించేది రాజమండ్రి. అక్కడి ప్రభుత్వ కళాశాలకు 1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలుగా వచ్చాడు. ఆయన పాఠాలు చెప్పడంతో సరిపెట్టుకోలేదు. స్వయంగా చిత్రకారుడు కనుక బొమ్మలు గీసే కుర్రాళ్ళను చేరదీశాడు. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం, దామెర్ల రామారావు ఆయన చేతికింద పెరిగినవారే.

రామారావు 1897లో రాజమండ్రిలోనే పుట్టాడు. ఆ పిల్లవాడి చేతివాటం చూసి కూల్డ్రే ఊరుకోలేదు. బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో చదివించడానికి పూనుకున్నాడు. డబ్బు సాయమూ చేశాడు. పేరు పెట్టకపోయినా అది ఉపకారవేతనం కాక మరేమిటి చెప్పండి!

చదువు ముగించుకుని వచ్చిన రామారావు ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టి తనకు వచ్చిన విద్య నలుగురికీ నేర్పాడు. ఇంట్లో ఆడవాళ్ళను వంటింటికే వదిలెయ్యలేదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేశారు. ఆ రోజుల్లో అదెంత మాటో మీకు వేరే చెప్పాలా?

1925 ఫిబ్రవరిలో మశూచి సోకి ఆయన పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. అయితే ఆయనతోపాటు విద్య పోలేదు. స్నేహితుడు వెంకటరత్నంగారు ఆ బడిని నిలబెట్టి పిల్లలకు నేర్పుతూ వచ్చారు. రాజమండ్రిలో రామారావు పేరుతో ఉన్న చిత్రశాలలో ఆయన బొమ్మలు నేటికీ చూడవచ్చు. అంటే గురువు శిష్యుణ్ణి చదివించాడు, శిష్యుడు మరికొందరికి నేర్పాడు, అతని తరవాత స్నేహితుడు ఆ పని అందుకున్నాడు. స్మారకమంటే అదీ!

మన వీధిలో పది ఇళ్ళవాళ్ళం కలిస్తే ఇది చెయ్యలేమా? పోగైన మొత్తాన్ని బ్యాంకులో వేసి అసలు కదపకుండా వడ్డీ మాత్రం ఖర్చుపెట్టాలి. ఒక పిల్లకి ఏడాదికి కావలసిన రంగులు, కుంచెలు, కాగితం, డ్రాయింగు లోయరు పరీక్ష ఫీజు దానితో ఇవ్వవచ్చు. ఎన్నిక మార్కులు చూసి కాదు, గీసిన బొమ్మలు చూసి చెయ్యాలి. మాస్టారి పేరు తప్పక చెప్పాలి. ఆయన ఎలా నేర్పేవారో కూడా ఆ పిల్లకి చెప్పాలి.

ఆడపిల్లని ముందు తలుచుకోమని మరీ మరీ అడుగుతున్నాను. మన పిల్లల్లో ఎందరి గీత వాకిట్లో ముగ్గు దగ్గరే ఆగిపోయిందో! తెల్లవారి వేసిన ముగ్గు పొద్దెక్కేసరికి చెరిగిపోతుంది. వాళ్ళ చేతికి కాగితం అందిస్తే ఆ గీత నిలుస్తుంది, నేర్పిన మాస్టారి పేరూ నిలుస్తుంది. ఏమంటారు?